స్కేలు రెండుసార్లు మోగితే

మొన్న బాపట్లలో, మా కాలేజీ ల్యాబులో ఒక అమ్మాయి తన వెబ్ పేజీకి శీర్షిక పెడుతూ స్పేస్ బార్ టకటకా కొట్టుకుంటూ పోతోంది. శీర్షిక తెర మధ్యకి వచ్చేదాకా కొట్టి, ఒక కన్ను మూసి చూసుకుని, బాగుందనుకుంది. తీరా బ్రౌజర్లో తెరిస్తే ఆ శీర్షిక వెళ్ళి ఎడమవైపు గోడకి అతుక్కుని కూర్చుంది. "అదేంటి మేడమ్, ఇంత ఖాళీ కొట్టానుగా, ఏమైపోయింది?" అని ఆ పిల్ల నావైపు చూసింది. నాకు నవ్వు ఆగలేదు. పిల్లలంతా నన్ను వింతగా చూశారు. నేను నవ్వింది ఆ అమ్మాయిని చూసి కాదు. సరిగ్గా ఆ మాటే, ఇంకా కోపంగా, పాతికేళ్ళ కిందట తెనాలిలో ఒక పెద్దావిడ నోట విన్నాను.

ఆవిడ మా టైపు మేడమ్. పేరు రాయడం లేదు. బతికున్నన్నాళ్ళూ ఎవరైనా పేరడిగితే, "బయట బోర్డు మీద ఉంది కదండీ, చదువుకోండి" అనేవారు. ఆ బోర్డేమో ఎండకీ వానకీ వెలిసిపోయి, ఇన్‌స్టిట్యూట్ అన్న మాట తప్ప ఇంకేదీ మిగల్లేదు. టైపు మేడమ్ అంటే తెనాలిలో ఏ రిక్షావాడైనా తీసుకొచ్చి దింపేవాడు కాబట్టి దానికి మళ్ళీ రంగు వేయించాలని ఆవిడకి ఎప్పుడూ తోచలేదు.

ఆవిడ పోయి ఏడాది దాటింది. జ్ఞాపకార్థ కూడికలో పాస్టరుగారు నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను, అందరికీ నమస్కారం పెట్టి కూర్చున్నాను. ఆ రోజు నోటికి రానిదంతా మొన్న ఆ పిల్ల స్పేస్ బార్ కొడుతుంటే వచ్చింది.

తెనాలి స్టేషన్ దాటి కాస్త నడిస్తే సైకిలు షాపు పైన మేడగది. మెట్లెక్కుతుండగానే రేకుల మీద వాన పడుతున్నట్టు టైపు మిషన్ల చప్పుడు. గుమ్మంలో స్టూలు మీద ఒక స్టీలు గిన్నె ఉండేది. ఆడపిల్లలం గాజులు తీసి అందులో వేస్తేగానీ మిషన్ ముందు కూర్చోనిచ్చేవారు కాదు. "గాజుల గలగలలో మీ తప్పులు నాకు వినపడవమ్మా" అనేవారు. ఇంటికి వెళ్ళేటప్పుడు ఎవరి గాజులు ఎవరివో తేలక మెట్ల మీద చిన్న తగువు జరిగేది. ఎర్రగాజులతో వచ్చి పచ్చగాజులతో ఇల్లు చేరిన రోజులున్నాయి. మా అమ్మకి ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఎండాకాలం చెమటకి వేళ్ళు జారతాయని పౌడరు డబ్బా పట్టుకుని వరసల మధ్య తిరుగుతూ అందరి చేతుల్లో చల్లేవారు. కొత్తవాళ్ళు కీల మీది అక్షరాలు చూసి కొట్టకుండా వాళ్ళ చేతుల మీద తువ్వాలు కప్పేవారు. పౌడరు వాసన, రిబ్బను సిరా వాసన, మిషన్లకి వేసే నూనె వాసన, ఈ మూడూ కలిస్తే నాకిప్పటికీ మేడమ్ వచ్చినట్టే ఉంటుంది.

ఆవిడ చేతిలో ఎప్పుడూ ఒక ఇనప స్కేలు. దానితో ఎవరినీ కొట్టగా నేను చూడలేదు. తప్పు పడితే మన బల్ల అంచు మీద రెండుసార్లు టక్ టక్‌మనిపించి ముందుకు వెళ్ళిపోయేవారు. ఆ కాగితంలో తప్పుందని దానర్థం. ఎక్కడుందో చెప్పరు. "చెప్పండి మేడమ్" అని బతిమాలితే, "నేను చూపిస్తే అది నేను పట్టిన తప్పవుద్ది. నువ్వు పట్టుకో, ఇంకెప్పుడూ రాదు" అనేవారు. పైనుంచి ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ రావాల్సిందే. లోలోపల ఆవిణ్ణి తిట్టుకోని రోజు లేదు. ఇవాళ నా పిల్లలు పేజీ సరిగ్గా రావడం లేదని ఏడుపు మొహం పెడితే నా వేలు దానంతటదే మొదటి వరస మీదికి పోతుంది. ఆ అలవాటుకి జీతం తీసుకుంటున్నాను.

మెచ్చుకోలు మాత్రం ఆవిడ దగ్గర చాలా తక్కువ. తప్పులేని కాగితం ఇస్తే దాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుని "ఊఁ" అనేవారు. ఆ "ఊఁ" కోసం మేం వేళ్ళు వాచిపోయేలా కొట్టేవాళ్ళం.

మేడమ్ మాటలన్నిటిలోకీ పెద్దది, "ఖాళీ కూడా అక్షరమే." శీర్షిక మధ్యలోకి రావాలంటే అక్షరాలన్నీ లెక్కపెట్టి, మాటల మధ్య ఖాళీలు కూడా కలిపి, కాగితం వెడల్పులోంచి తీసేసి, సగం చేసి, అన్నిసార్లు స్పేస్ బార్ కొట్టాలి. ఒక్కటి తగ్గినా స్కేలు మోగేది. "అక్షరం ఎవరైనా కొడతారమ్మా, ఖాళీ వదలడం వస్తేనే టైపు వచ్చినట్టు" అనేవారు.

ఇంకో పట్టుదల కూడా ఉండేది. ఆఫీసు ఉత్తరాల్లో అడుగున ఎడమ మూల ఒక గుర్తు వేస్తారు. ఉత్తరం నోటితో చెప్పినవాళ్ళ పేరులోని మొదటి ఇంగ్లీషు అక్షరాలు ముందు, పెద్దవిగా. పక్కన ఒక గీత. ఆ తర్వాత టైపు కొట్టినవాళ్ళ అక్షరాలు, చిన్నవిగా. ఇన్‌స్టిట్యూట్‌లో చెప్పేది ఆవిడ, కొట్టేది మేము. కాబట్టి ప్రతి కాగితం అడుగునా ఆవిడ అక్షరాలు ముందు, మావి వెనక. అది లేని కాగితాన్ని చూడకుండానే వెనక్కిచ్చేవారు. "ఎవరు చెప్పారో, ఎవరు కొట్టారో తెలియని కాగితం అనాథమ్మా" అనేవారు. పేరు చెప్పడానికి ఇష్టపడని మనిషికి ఆ మూల అక్షరాల మీద అంత పట్టింపేమిటో నాకు అప్పట్లో అర్థం కాలేదు.

నేను రేపల్లె నుంచి ప్యాసింజర్లో వచ్చేదాన్ని. మా నాన్న రేపల్లెలో రైసు మిల్లు హమాలీ. బస్తాలు మోసీ మోసీ నడుం పోయి, వాకిట్లో మంచం మీద కూర్చుని మిల్లు కూత వినడం తప్ప చేసేదేం లేకపోయింది. ఇంట్లో టైపు నేర్చిన మొదటిదాన్ని నేనే కాబట్టి ఏ ఆఫీసులోనో కూర్చుంటానని అందరి ఆశా నా వేళ్ళ మీదే ఉండేది. టైపులో లోయరు పరీక్ష ప్యాసయ్యాను, హయ్యరూ ప్యాసయ్యాను. ప్యాసై చూసేసరికి ఆఫీసుల్లో టైపు మిషన్లని మూలకి జరిపి కంప్యూటర్లు పెడుతున్నారు. ఎక్కడికి వెళ్ళినా ఒకటే ప్రశ్న, "కంప్యూటర్ వచ్చా అమ్మా?" "టైపు వచ్చండి" అంటే జాలిగా చూసేవారు. ఆ చూపు మోసుకుని మేడెక్కి మేడమ్ ముందు నిలబడితే, ఆవిడ ఒక్క మాట అన్నారు. "ఏడిస్తే కాగితం తడుస్తుంది. పద, మనమూ నేర్చుకుందాం."

అలా ఆ గదిలోకి ఒక పాత కంప్యూటర్ వచ్చింది. టైపు మిషన్లకి కుట్టించినట్టే దానికీ గళ్ళగుడ్డతో ముసుగు కుట్టించారు. దాని ముందు కూర్చోవాలన్నా గాజులు గిన్నెలో వేయాల్సిందే. "ఇది చప్పుడు చేయదు కదండీ" అంటే, "చప్పుడు చేయకపోతే ఇంకా జాగ్రత్తగా వినాలి" అన్నారు. విజయవాడ నుంచి వెబ్ పేజీలు రాసే హెచ్‌టీఎంఎల్ పుస్తకం ఒకటి తెప్పించి, మొదటి పేజీ నుంచి పాఠంలా పైకి చదువుతూ నేర్చుకున్నారు. అప్పటికి ఆవిడ జుట్టు సగానికి పైగా నెరిసింది.

ఆవిడ చేసిన మొదటి వెబ్ పేజీ మా ఇన్‌స్టిట్యూట్ ప్రకటన. నోట్‌ప్యాడ్‌లో కొట్టారు. శీర్షిక లెక్కకట్టి మధ్యలో పెట్టారు. కింద కోర్సులు ఒక పక్క, వేళలు ఒక పక్క, మధ్యలో సమానంగా ఖాళీ. అచ్చేసిన కాగితంలా ఉంది. మా అందరినీ పిలిచి చుట్టూ నిలబెట్టి బ్రౌజర్లో తెరిచారు. అంతా కలిసి ఒక్క ముద్ద. శీర్షిక, కోర్సులు, వేళలు ఒకదాని మీద ఒకటి ఎక్కి రేపల్లె బండిలో జనంలా తోసుకుంటున్నాయి.

"ఏంటిది? ఇంత ఖాళీ కొట్టాను, ఏమైపోయింది?" అన్నారు మేడమ్. ముందు మిషన్ చెడిపోయిందనుకున్నారు. ఆపి, కాసేపు ఆగి మళ్ళీ పెట్టారు. కొంగుతో తెర తుడిచారు. మళ్ళీ అదే ముద్ద. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ అటు తిరగలేదు. స్కేలు తీసి తన బల్ల మీద తనే టక్ టక్‌మనిపించుకుని, పుస్తకం సంచిలో వేసుకుని ఇంటికి వెళ్ళిపోయారు.

మర్నాడు నేను మేడెక్కేసరికి ఆవిడ మొహం వెలిగిపోతోంది. "ఇది ఖాళీని లెక్కలోకి తీసుకోదంటమ్మా. ఎన్నిసార్లు కొట్టినా దానికి ఒక్కటే. కావాలంటే పేరు పెట్టి పిలవాలంట" అని ఎన్‌బీఎస్‌పీ అనే ముక్క చూపించారు. అది రాసిన చోటల్లా ఒక ఖాళీ నిలబడుతుంది. "చూశావా, నేను చెప్పలా? ఖాళీ కూడా అక్షరమే. దీనికి ఆ సంగతి చెప్పాలంతే." నిన్న ఓడిపోయిన మనిషి ఇవాళ అదే మాట పట్టుకుని గెలిచినట్టు కూర్చున్నారు. సెంటర్ అనే ట్యాగు, అంటే బ్రౌజరుకి చెప్పే ఒక గుర్తుమాట, రాస్తే లెక్కలేమీ లేకుండా శీర్షిక మధ్యకి వస్తుందని తెలిసినప్పుడు మాత్రం సంతోషపడలేదు. "లెక్కపెట్టకుండా వచ్చింది మధ్యే అని నమ్మకమేంటి?" అని తెర మీద స్కేలు పెట్టి కొలిచారు.

ఇక మా చదువంతా విచిత్రంగా సాగింది. కంప్యూటర్ ఒక్కటే, కరెంటు ఉండేది కొన్ని గంటలే. టైపు మిషన్‌కి కరెంటుతో పని లేదు. కాబట్టి పేజీ మొత్తం ముందు టైపు మిషన్ మీద కాగితానికి కొట్టాలి. ట్యాగుకి అటూ ఇటూ ఉండే కోణం గుర్తులు మా మిషన్లలో లేవు. మిషన్‌లో లేని గుర్తుకి చోటు వదిలి చేత్తో వేసుకోవడం టైపిస్టుల అలవాటే. అలా మేం ట్యాగులన్నిటికీ ఎర్ర పెన్నుతో కోణాలు వేసేవాళ్ళం. మాటకి ముందు తెరిచిన ట్యాగుని మాట తర్వాత మూయకపోతే కాగితం మీద ఎరుపు ఒకవైపే కనపడేది. స్కేలు మోగేది. కరెంటు రాగానే ఆ కాగితం పట్టుకుని కంప్యూటర్ దగ్గరికి పరుగు. తర్వాత పెద్ద పెద్ద చోట్ల హెచ్‌టీఎంఎల్ నేర్చినవాళ్ళని చాలామందిని చూశాను. ఎర్ర పెన్నుతో నేర్చిన వాళ్ళు ఇంకెవరూ తగల్లేదు.

కుర్రాళ్ళకి అప్పట్లో మార్క్యూ పిచ్చి. అక్షరాలు తెర మీద కుడి నుంచి ఎడమకి పాకుతూ పోవడం. మేడమ్ దాన్ని గదిలోకి రానివ్వలేదు. "అక్షరం పరిగెడితే చదివేవాడు వెనకాల పరిగెత్తాలా? కూర్చోబెట్టండయ్యా దాన్ని" అనేవారు.

ఇంతలో బాపట్లలో ఒక ప్రైవేటు కాలేజీ వాళ్ళు కంప్యూటర్ నేర్పేవాళ్ళు కావాలన్నారు. వెళ్ళి కలిశాను. కాలేజీ కరస్పాండెంటుగారు నా సర్టిఫికెట్లు తిరగేసి, "టైపు బాగానే ఉందమ్మా. మాకు వెబ్ పేజీలు నేర్పేవాళ్ళు కావాలి. ఏదో ఒక పేజీ చేసి నెట్‌లో పెట్టు. వచ్చే వారం ఇక్కడ మా కంప్యూటర్లో తెరిచి చూపించు. కనపడితే ఉద్యోగం, లేకపోతే లేదు" అన్నారు. ఇది పోతే మిల్లులో బియ్యం చెరగడానికి వెళ్ళాలి. మా అమ్మ అప్పటికే వెళుతోంది.

దేని మీద పేజీ చేయాలో నాకు తోచలేదు. మేడమే అడిగారు, "రోజూ రేపల్లె బండిలో వస్తావు కదా, జనం నిన్నేం అడుగుతారు?"

"బండి ఎన్నింటికని అడుగుతారండి."

"అదే పెట్టు మరి. అడిగేదానికి జవాబు ఉంటే చూస్తారు, లేకపోతే ఎవరు చూస్తారమ్మా?"

తెనాలి రేపల్లె బండ్ల టైములు. వేమూరులో ఎప్పుడు, భట్టిప్రోలులో ఎప్పుడు, మెయిన్ లైను బండి ఆలస్యమైతే తర్వాతి బండేది. పట్టిక నేనే వేసుకున్నాను. మా హయ్యరు పరీక్షలో స్టేట్‌మెంట్, అంటే గడుల్లో అంకెల పట్టిక, కొట్టినవాళ్ళకి టేబుల్ ట్యాగు కష్టం కాదు. ఎర్ర పెన్ను కోణాలతో కాగితమంతా సిద్ధం చేసుకుంటే, కరెంటు రాలేదు. సాయంత్రం దాకా రాలేదు. వచ్చాక మళ్ళీ ఎంతసేపుంటుందో తెలియదు. మేడమ్ గబగబా కంప్యూటర్ ముందు కూర్చుని, "నీకు నోటికొచ్చు, నాకు చేతికొచ్చు. నువ్వు చెప్పు, నేను కొడతాను" అన్నారు.

అంతవరకు ఆవిడ నడుస్తూ చెప్పడం, మేం కూర్చుని కొట్టడం. ఆ సాయంత్రం నేను కాగితం పట్టుకుని వరసల మధ్య నడుస్తూ చెప్పాను. వరస తెరవండి, గడి తెరవండి, వేమూరు, గడి మూయండి. ఆవిడ వేళ్ళు వెళుతుంటే కీల మీద చేతులు ఆనినట్టే లేదు. మధ్యలో ఒకచోట ఆవిడ వరస మూయడం మర్చిపోయారు. నేను చూశాను. చెప్పడానికి నోరు రాలేదు. వేలి గోటితో బల్ల మీద నెమ్మదిగా టక్ టక్‌మనిపించాను. ఆవిడ చేతులు ఆగాయి. తల ఎత్తలేదు. పైనుంచి వెతుక్కుంటూ వచ్చి తప్పు పట్టుకుని దిద్ది, అప్పుడు నావైపు చూసి నవ్వారు. పళ్ళు కనపడేలా ఆవిడ నవ్వడం అదే మొదలు.

కరెంటు పోయేలోపు అయిపోయింది. అడుగున గుర్తు మాత్రం మర్నాడు నేను కొట్టాను. ఎప్పటిలాగే ఆవిడ అక్షరాలు ముందు, పెద్దవి. నావి వెనక, చిన్నవి.

పేజీ దాచిన ఫ్లాపీ పట్టుకుని ఎస్టీడీ బూతు పక్కన కొత్తగా పెట్టిన నెట్ సెంటరుకి వెళ్ళాం. పేజీలకి ఊరికే చోటిచ్చే సైటు ఒకటి అక్కడి కుర్రాడు చూపించాడు. మోడెం కీచుమని, గరగరమని, లైను దొరికి, సగంలో తెగిపోయి, మళ్ళీ దొరికి, చివరికి పేజీ ఎక్కింది. మేడమ్ తెర వంక అనుమానంగా చూశారు.

"ఇప్పుడిది ఎక్కడుందయ్యా?"

"ఎక్కడో సర్వర్లో ఉంటదండి."

"మన ఊళ్ళో లేదా?"

"లేదండి. ప్రపంచమంతా కనపడిద్దండి."

"ప్రపంచం సంగతి తర్వాత. బాపట్లలో కనపడిద్దా?"

"కనపడిద్దండి" అన్నాడు వాడు, ఆవిడ నమ్మకపోవడం చూసి కొంచెం చిన్నబుచ్చుకుని.

బాపట్ల వెళ్ళే రోజు ఆవిడ నాతో వస్తారని నేననుకోలేదు. తెనాలి ప్లాట్‌ఫారం మీద గొడుగుతో నిలబడి ఉన్నారు. చేతిలో బైబిలు జిప్పు కవరు. "ఫ్లాపీ నా దగ్గరుంటే నువ్వొక్కదానివే వెళ్ళి ఏం చేస్తావ్?" అన్నారు. ఆ కవర్లో, బైబిలుకీ అట్టకీ మధ్య ఫ్లాపీ ఉంది. అయస్కాంతం తగిలితే ఫ్లాపీ చెడుతుందని ఎవరో చెప్పారట. అంతకంటే భద్రమైన చోటు ఆవిడకి తెలియదు. దారంతా కవరు ఒళ్ళో నుంచి దించలేదు.

కరస్పాండెంటుగారి గదిలో లైను దొరకడానికి కాసేపు పట్టింది. తర్వాత పేజీ పైనుంచి కిందికి మెల్లగా దిగింది. శీర్షిక మధ్యలో, గీతల పట్టిక, బండ్లు, టైములు. ఆయన ముచ్చటపడ్డారు. "మా అత్తగారిది రేపల్లేనమ్మా, ఎప్పుడూ బండి తప్పిపోద్ది నాకు" అంటూ టైములు చూసుకున్నారు. చూస్తూ చూస్తూ అడుగుకి వచ్చారు.

"కింద ఈ అక్షరాలేంటి?"

నేను హుషారుగా చెప్పాను. చెప్పినవాళ్ళవి ముందు, కొట్టినవాళ్ళవి వెనక, మా ఇన్‌స్టిట్యూట్ పద్ధతి అని అంతా వివరించాను. ఆయన మేడమ్ వైపు తిరిగారు.

"అయితే ఇది మీరు చెప్పి చేయించారన్నమాట. అమ్మాయి టైపు చేసింది."

ఆవిడ మాట్లాడేలోపే మళ్ళీ ఆయనే అన్నారు. "టైపు చేసేవాళ్ళు మాకు ఉన్నారండి. చెప్పగలిగినవాళ్ళే కావాలి. మీరే మా కాలేజీకి రాకూడదూ?"

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. కింద రాసినదాని అర్థం అదే, విడమరిచి చెప్పింది కూడా నేనే. పైగా మేడమ్‌కి ఆ ఉద్యోగం అక్కర్లేదని నేనెలా అనుకోను? మేడగదిలో సగం మిషన్లు అప్పటికే ముసుగు తీయకుండా ఉంటున్నాయి. ఆవిడ సరేనంటే నేను కాదనగలనా? మిల్లులో చాటలు కళ్ళ ముందు కనపడ్డాయి.

అప్పుడు వినపడింది, కుర్చీ చేతి మీద. టక్ టక్.

"తప్పుంది. చూసుకో" అన్నారు మేడమ్.

పేజీ వెనకున్న కోడు తెరిచాను. వేలు మొదటి వరస మీద పెట్టాను. శీర్షిక తెరుచుకుంది, మూసుకుంది. పట్టిక తెరుచుకుంది. ప్రతి వరసా, ప్రతి గడీ చూసుకుంటూ వచ్చాను. కరస్పాండెంటుగారు గడియారం చూసుకున్నారు. తప్పు దొరకలేదు. మేడమ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

"అన్నీ మూసే ఉన్నాయండి. తప్పు కనపళ్ళేదండి" అన్నాను.

"చివరి వరస చదివావా?"

"చదివానండి. అది ఎప్పుడూ వేసేదేగా, సరిగ్గానే ఉందండి."

"ఆ సాయంత్రం ఎవరు చెప్పారు? ఎవరు కొట్టారు?"

అప్పుడు నాకు అర్థమైంది. "నేను చెప్పానండి. మీరు కొట్టారు."

"మరి నా అక్షరాలు ముందెందుకున్నాయి?"

"పెద్దవారు కదండీ అని..."

ఆవిడ కరస్పాండెంటుగారి వైపు తిరిగారు. "మర్యాదకి పోయి తప్పు కొట్టిందండి. మా దగ్గర మర్యాదకి మార్కులుండవు. పేజీ ఈవిడది. పట్టిక వేసింది, చెప్పింది ఈవిడ. నేను టైపిస్టుని."

నన్ను "ఈవిడ" అన్నారు. నా జన్మలో నన్ను ఎవరైనా అలా అనడం అదే మొదటిసారి. రేపల్లెలో హమాలీ కూతురిని అప్పటిదాకా ఈ పిల్ల, ఆ పిల్ల, ఒసేయ్ తప్ప ఎవరూ ఏమీ అనలేదు.

కరస్పాండెంటుగారు కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "అయితే దిద్దమ్మా, చూద్దాం" అన్నారు. మేడమ్ జిప్పు తీసి ఫ్లాపీ ఇచ్చారు. నా అక్షరాలు పెద్దవి చేసి ముందు పెట్టాను. అది సులువుగానే అయింది. ఆవిడ అక్షరాలు చిన్నవి చేసి గీత వెనక్కి పంపడానికి మాత్రం నా వేలు కదల్లేదు. "కొట్టమ్మా, లైను తెగిపోద్ది" అన్నారు ఆవిడ. కొట్టాను. మళ్ళీ నెట్‌కి ఎక్కించి, మళ్ళీ తెరిచాను. ఆయన అడుగుకి వెళ్ళి చదువుకుని, తల ఊపి, "ఈ ఓపిక పిల్లలకి నేర్పితే చాలమ్మా. సెలవులవగానే వచ్చి చేరు" అన్నారు.

తిరుగు బండిలో అడిగాను, "మిమ్మల్ని రమ్మన్నారు కదండీ. మీరే చేరుండొచ్చు కదా?"

"రోజూ బాపట్ల బండెక్కే ఓపిక నాకెక్కడిదే?" అన్నారు. ఆవిడకి ఓపిక లేకపోవడం నేనెన్నడూ చూడలేదు. నిడుబ్రోలు దాటాక, కిటికీలోంచి వరిచేల వైపు చూస్తూ ఆవిడంతట ఆవిడే "ఊఁ" అన్నారు. తెనాలి వచ్చేదాకా నేను ఆ ముక్కనే లోపల తిప్పుకుంటూ కూర్చున్నాను.

అదే కాలేజీలో ఈనాటికీ ఉన్నాను. మా నాన్న చివరిదాకా మందులకి లోటు లేకుండా బతికాడు. మా అమ్మ మిల్లు మానేసింది. ఇవన్నీ ఆవిడకి చెబితే "జీతం వస్తుంది కాబట్టి జరిగాయి, నాదేముంది?" అని కొట్టిపారేసేవారు. కూడికలో నేను చెప్పాల్సిన మాట ఇదే. మేడమ్, అంతా మీదే.

మొన్నటి ఆ స్పేస్ బార్ అమ్మాయిది ఈపురుపాలెం. వాళ్ళ ఇంట్లో మగ్గాలున్నాయి. వాళ్ళ నాన్న నేసే చీరల మీద పేజీ చేస్తోంది. ఖాళీలన్నీ ఏమైపోయాయో చెప్పాను, ఇప్పటి పద్ధతిలో శీర్షికని మధ్యకి ఎలా తేవాలో చూపించాను. నిన్న పేజీ పూర్తిచేసి, నెట్‌లో పెట్టి, నన్ను పిలిచింది. రంగులు బాగా కుదిరాయి, చీరల బొమ్మలు వరసగా ఉన్నాయి, ఏ అక్షరమూ పరిగెత్తడం లేదు. అడుగుకి వెళ్ళాను. మా ల్యాబులో ఆ మూల గుర్తు ఇప్పటికీ వేయిస్తాను. అక్కడ నా అక్షరాలు ముందున్నాయి, పెద్దవిగా. ఆ పిల్లవి గీత వెనక, చిన్నవిగా.

బల్ల మీద వేలితో రెండుసార్లు కొట్టాను. ఆ పిల్ల ఉలిక్కిపడి కోడు తెరిచి, మొదటి వరస మీద వేలు పెట్టుకుని కిందికి రావడం మొదలుపెట్టింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను.

"తప్పేం లేదు మేడమ్" అంది చాలాసేపటికి.

"చివరి వరస చదివావా?" అన్నాను.